ఇనుము లెక్క మర్చిపోదు

సింగపూరు చూడ్డానికి వచ్చే మనవాళ్ళెవరూ తువాస్ రారు. మెరీనా బే, సెంతోసా, ముస్తఫా సెంటర్, పెరుమాళ్ళ గుడి, ఇంతటితో వాళ్ళ నాలుగు రోజులూ అయిపోతాయి. తువాస్ ఈ ద్వీపానికి పడమటి కొస. పూర్వం ఇక్కడి మలయ్ జాలరులు సముద్రంలో ఆకుల కొమ్మలు పాతి, ఆ నీడకి చేపలు చేరాక వల వేసేవాళ్ళట. ఆ పద్ధతిని 'మెనువాస్' అనేవాళ్ళని, ఊరికి ఆ పేరే స్థిరపడిందని చెప్తారు. ఇప్పుడు చేపలూ లేవు, జాలరులూ లేరు. సముద్రాన్ని పూడ్చి తీసిన నేల మీద ఫ్యాక్టరీలు, షిప్‌యార్డులు, 1998లో మలేషియా వైపు తెరిచిన రెండో వంతెన, 2022లో లాంఛనంగా మొదలైన కొత్త రేవు ఉన్నాయి. ఆకుల నీడకి చేపలు చేరినట్టే ఈ రేకుల నీడకి మనుషులం చేరాం. తమిళులు, బంగ్లాదేశీయులు, చైనా వాళ్ళు, వాళ్ళ మధ్యలో అక్కడక్కడ శ్రీకాకుళం నుంచీ, కరీంనగర్ నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ మనవాళ్ళు.

నా ఉద్యోగం లారీలకీ ట్రెయిలర్లకీ ఛాసిస్‌లు, బాడీలు డిజైన్ చెయ్యడం. ఉగాదికి తెలుగు సమాజం వాళ్ళ కార్యక్రమానికి వెళ్తే పక్క కుర్చీలో ఆయన "ఏ బ్యాంకులో అండీ?" అని అడుగుతాడు. సింగపూరులో తెలుగువాడంటే బ్యాంకులో సాఫ్ట్‌వేర్ అనే లెక్క. "లారీల కింద పడుకునే ఉద్యోగమండీ" అంటే నవ్వి ఊరుకుంటాడు. నేను చెప్పింది నిజమే. కంప్యూటర్ ముందు కూర్చుని గీసే బొమ్మ సగం పని. మిగతా సగం పాత బండి కింద టార్చిలైటు పట్టుకుని పడుకుని, అది ఎక్కడ పగిలిందో, అక్కడే ఎందుకు పగిలిందో చూడటం.

మా బంధువులకి ఇందులో అర్థం కానిది ఒకటుంది. "లారీ విరగడమేమిటిరా, లోడు ఎక్కువేసి ఉంటారు" అంటారు. ఎక్కువ లోడుకి విరిగేవి ఉంటాయి, కానీ నేను చూసిన వాటిలో అవి తక్కువ. చిన్నప్పుడు మనందరం బైండింగ్ తీగ తెంపాం. లాగితే ఎంత బలమున్నవాడికైనా తెగదు. అటూ ఇటూ పదిసార్లు వంచితే ఐదేళ్ళ పిల్లాడి చేతిలో తెగుతుంది. పదో వంపు మొదటి వంపు కంటే గట్టిదేమీ కాదు. తీగ మాత్రం మొదటి తొమ్మిదింటినీ లెక్క పెట్టుకుని ఉంది. దీన్ని ఇంజనీర్లు లోహపు అలసట అంటారు. పేరు బాగానే ఉంది గానీ, ఒక్క విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. మనిషి అలసిపోతే రాత్రి నిద్రపోయి పొద్దున్నకి తేరుకుంటాడు. ఇనుముకి ఆ సౌకర్యం లేదు. ఆదివారం బండి షెడ్డులో నిలబడితే పగులు పెరగదు, కానీ తగ్గదు కూడా. సోమవారం పొద్దున శనివారం ఆగిన చోటి నుంచే లెక్క మొదలవుతుంది.

ఇది మనుషులకి తెలిసింది ఇరుసుల వల్ల. 1842 మే నెలలో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైల్లో ఇంజను ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదాని మీదికొకటి ఎక్కి, మంటలంటుకుని యాభైమందికి పైగా చనిపోయారు. అంతకు ముందు రోజు వరకూ బాగా తిరిగిన ఇరుసు ఎందుకు విరిగిందన్నది ఎవరికీ అంతుపట్టలేదు. కుదుపులకి ఇనుము లోపల స్ఫటికాలుగా మారిపోతుందని చాలామంది నమ్మారు. అప్పటికి యువకుడైన రాంకిన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు విరిగిన ఇరుసుల్ని పరిశీలించి, ఇనుము మారడం లేదు, ఇరుసు సన్నం నుంచి లావుకి హఠాత్తుగా మారే మెడ దగ్గర పగులు పుట్టి మెల్లగా లోపలికి పాకుతోందని చెప్పాడు. ఆ తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు 1850ల నుంచి 1870 దాకా ఇదే పని మీద కూర్చున్నాడు. నమూనా ఇరుసుల్ని యంత్రానికి బిగించి, బరువు వేలాడదీసి, విరిగేదాకా లక్షలసార్లు తిప్పాడు. ఆయనకి తేలింది ఏమిటంటే, ఒక్కసారికి లోహం ఎంత మోయగలదన్నది ఒక ప్రశ్న, ఎన్నిసార్లు మోయగలదన్నది వేరే ప్రశ్న. రెండోదానికి జవాబు చెప్పేది గరిష్ఠ బరువు కంటే ఎక్కువగా ప్రతి ఊపులోనూ ఒత్తిడి ఎంత మేరకి హెచ్చుతగ్గులవుతోందనే సంగతి.

మేం ఇవాళ చేసే లెక్కలన్నీ ఆ దారిలోవే. వెల్డింగ్ చేసిన ఉక్కు విషయంలో ఒక మోటు సూత్రం ఉంది. ఊపులోని ఒత్తిడి రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతవుతుంది. అదే ఒత్తిడిని సగానికి తగ్గించగలిగితే ఆయుష్షు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకని డిజైన్ చేసేవాడికి ఇది శిక్షా అవుతుంది, వరమూ అవుతుంది. మూలలో కాస్త గుండ్రం ఇస్తే, అతుకుని రెండంగుళాలు పక్కకి జరిపితే, ఏళ్ళు కలిసొస్తాయి.

రోడ్డు మీద ఊపులన్నీ ఒకలా ఉండవు గదా, వాటినెలా లెక్కపెడతారని అడగొచ్చు. బండికి సన్నటి కొలత పట్టీలు అంటించి, నిజం రోడ్డు మీద తిప్పి, ఒత్తిడి ఎలా పడి లేస్తోందో రాసుకుంటాం. ఆ గీత కొండల వరసలా పిచ్చిగా ఉంటుంది. దాన్ని విడదీసి పెద్ద ఊపులెన్ని, చిన్న ఊపులెన్ని అని లెక్కగట్టే పద్ధతిని 1968లో మత్సుయిషి, ఎందో అనే ఇద్దరు జపాన్ వాళ్ళు చెప్పారు. గీతని నిలువుగా తిప్పి పట్టుకుంటే అంచెలంచెల గుడి కప్పులా ఉంటుంది. దాని మీద వాన కురిస్తే నీళ్ళు ఏ కప్పు మీంచి ఏ కప్పు మీదికి జారి ఎక్కడ ఆగుతాయో చూస్తే ఒక్కో ఊపు తేలుతుంది. పెంకుటింటి చూరు కింద కూర్చుని వాన చూసిన మనవాళ్ళకి ఇది చెప్తే వెంటనే పట్టుకుంటారు. ఇక ప్రతి ఊపూ ఆయుష్షులో ఎంత వంతు తినేసిందో కూడుకుంటూ పోవడమే. ఆ కూడిక నియమాన్ని 1924లో పామ్‌గ్రెన్, 1945లో మైనర్ చెప్పారు. వంతులన్నీ కలిపి ఒకటైతే బండి పని అయిపోయినట్టు. నిజానికి అంత ఖచ్చితంగా జరగదు, ముందో వెనకో జరుగుతుంది. అందుకే లెక్కలో భద్రతకి చోటు వదులుతాం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పగుళ్ళు ఎక్కడ పుడతాయన్నది ఈ లెక్క తెలియనివాళ్ళ ఊహకి అందదు. పెద్ద దూలాల మధ్యలో పుట్టవు. అతుకు చివర పుడతాయి. వెల్డింగ్ పూస ఉక్కుపలకని కలిసే అంచున కంటికి కనిపించని గాట్లు ఉంటాయి. వేడికి సాగి, చల్లారేటప్పుడు ముడుచుకున్న ఉక్కు అక్కడ ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. ఖరీదైన గట్టి ఉక్కు వాడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. వెల్డింగ్ చేశాక ఆ అతుకు దగ్గర మామూలు ఉక్కుకీ ఖరీదు ఉక్కుకీ అలసటలో దాదాపు తేడా ఉండదు.

తువాస్‌లో షిప్‌యార్డుల్లో పనిచేసే ఇంజనీర్లకి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అని ఐదు కాళ్ళ మీద తేలే వేదిక ఉండేది. చమురు తీసేవాళ్ళు అందులో బస చేసేవాళ్ళు. 1980 మార్చి 27 సాయంత్రం దాని కాలొకటి ఊడిపోయి, మొత్తం తలకిందులైంది. దాని మీదున్న 212 మందిలో 123 మంది చనిపోయారు. తర్వాత పరిశీలిస్తే తేలిందేమిటంటే, కాలిని పట్టి ఉంచే లావుపాటి గొట్టానికి నీటిలో శబ్దాలు వినే పరికరం ఒకటి తగిలించడానికి చిన్న ఆధారం పెట్టారు. దాన్ని అతికించిన వెల్డింగ్ 6 మి.మీ.ది. పగులు అక్కడ పుట్టింది. పగులు లోపల రంగు కూడా కనిపించింది, అంటే వేదికకి రంగు వేసేనాటికే పగులుంది. ఆ ఆధారం వేదిక బరువేమీ మొయ్యదు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక నా కళ్ళతో చూసినది చెప్తాను. సింగపూరులో కూలీలని లారీల వెనక ఎక్కించి పనికి తీసుకెళ్ళడం ఇప్పటికీ చట్టం ఒప్పుకునే పద్ధతే. 2011 నాటికి అలాంటి లారీలకి పైన కప్పు, పక్కన ఎత్తైన కమ్మీలు తప్పనిసరి చేశారు. మంచి నిబంధన. అంతకుముందు ఎండా వానా నెత్తి మీదే. అయితే అప్పటికే రోడ్డు మీద తిరుగుతున్న లారీలకి ఆ కప్పుల్ని ఎక్కడికక్కడ చిన్న షెడ్లలో బిగించారు. కప్పు ఊగకుండా కొందరు ఆసరా కడ్డీలు కిందికి దించి, ఛాసిస్ దూలానికే అతికించేశారు.

2013లో నేను పనిచేసే షెడ్డుకి అలాంటి లారీ ఒకటి వచ్చింది. కప్పు బిగించింది మేం కాదు, వేరే ఎవరో. కంప్లయింటు కూడా చిన్నది, కప్పు కడ్డీ గలగలమంటోందని. సాయంత్రం వచ్చింది, మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి డార్మిటరీ దగ్గరుండాలి. మా దగ్గర టెక్కలి వైపు నుంచి వచ్చిన వెల్డర్ ఒకాయన ఉండేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. కడ్డీ ఒకటి తిరిగి అతికించి పంపెయ్యమని ఆయనకి చెప్పారు. పావుగంట తర్వాత కింద నుంచి కేక వేశాడు.

"బాబూ, ఒక్కపాలి ఇటు రా."

వెళ్ళి పక్కనే పడుకున్నాను. ఛాసిస్ దూలం సి అక్షరం ఆకారంలో ఉంటుంది. దాని కింది ఫ్లాంజికి అడ్డంగా కడ్డీ పాదాన్ని వెల్డింగ్ చేశారు. ఆ వెల్డింగ్ అంచు నుంచి వెంట్రుకలాంటి గోధుమరంగు గీత.

"దుమ్మయితే తుడిస్తే పోతాది. ఇది పోవడం నేదు. పెయింటు కింద నుంచి తుప్పు కారతంది సూడు. ఇది ఇయ్యాల్టిది కాదు బాబూ."

పెయింటు గీకి, ఎర్ర రంగు పూసి, తుడిచి, పైన తెల్ల పొడి జల్లాం. పగులుంటే అందులో ఇంకిన ఎరుపు తెలుపు మీదికి ఊరుతుంది. రెండు నిమిషాల్లో ఎర్ర గీత దిగింది. 65 మి.మీ. వెడల్పున్న ఫ్లాంజిలో 28 మి.మీ. దాకా ఉంది. ఆ భాగం బండి మధ్యలో, బరువుకి కింది ఫ్లాంజి సాగే చోట. రోజూ అక్కడ పైన పాతికమంది కూర్చుంటారు.

మా సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. ఆయన తలలో మర్నాటి ఐదు గంటలుంది. "పైన ఒక మందపాటి ప్లేటు వేసి నాలుగువైపులా వెల్డింగ్ కొట్టెయ్యండి, పోతుంది" అన్నాడు. వినేవాడికి అందులో తప్పేమీ కనిపించదు. చిరిగిన గుడ్డకి మాసిక వేసినట్టే. అయితే గుడ్డ వేరు, ఛాసిస్ వేరు. ఛాసిస్ గట్టిగా ఉండాలనుకుంటాం గానీ, నిజానికి అది మెలి తిరగడానికి చేసినది. ఒక చక్రం గుంటలో దిగినప్పుడు దూలం పొడవునా కాస్త కాస్త మెలితిరిగి ఆ కుదుపుని పంచుకుంటుంది. మధ్యలో ఒక చోట మందం హఠాత్తుగా పెంచితే ఆ ముక్క మెలితిరగదు, దాని చివరన ఉన్న పలక రెండింతలు తిరగాలి. పైగా ప్లేటు చివర ఫ్లాంజికి అడ్డంగా మళ్ళీ ఇంకో వెల్డింగ్. పాత పగులు కప్పబడి కంటికి కనిపించకుండా పోతుంది, పక్కన కొత్తదానికి ముహూర్తం పెట్టినట్టవుతుంది. లారీ తయారుచేసేవాళ్ళ మాన్యువల్స్‌లో ఫ్లాంజికి వెల్డింగ్ చెయ్యొద్దు, బెజ్జం వెయ్యొద్దు, ఏది తగిలించాలన్నా నిలువు పలకలోని బెజ్జాలకి బోల్టులతో బిగించండి అని రాసేది ఇందుకే.

నేను లెక్క చెప్పాను. రోజుకి 10,000 ఊపులనుకుంటే ఏడాదికి 300 రోజులకి 30 లక్షలు. వెల్డింగ్ అతుకుల బలాన్ని పుస్తకాల్లో 20 లక్షల ఊపుల దగ్గర చెప్పడం ఆనవాయితీ. కప్పు బిగించి రెండేళ్ళు కావస్తోంది. పగులు మొదట్లో నెమ్మదిగా పాకుతుంది, పొడుగయ్యేకొద్దీ వేగం పుంజుకుంటుంది. సగానికి దగ్గరైన ఫ్లాంజికి ఎన్ని రోజులున్నాయో ఎవరూ చెప్పలేరు, చెప్పలేనప్పుడు మనుషుల్ని ఎక్కించకూడదు. ఇదంతా ఆయనకి ఎంతవరకు ఎక్కిందో గానీ, బాబాయ్ ఒక్క మాటన్నాడు. నేను ఆయనకి ఇంగ్లీషులో చెప్పాల్సొచ్చింది.

"ప్లేటెయ్యమంటే ఏస్తాను. ఏసినాక రేపు పొద్దున ఆ బండి ఎనకాల మీరూ నేనూ కూకుని ఎల్దాం."

సూపర్‌వైజరు కాసేపు బండి వైపే చూసి, కాంట్రాక్టరుకి తనే ఫోను చేశాడు. ఫోనులో అరుపులు బయటికి వినిపించాయి. బండి పంపకపోతే డబ్బివ్వనన్నాడు, ఇంకో షెడ్డుకి పోతానన్నాడు. ఎర్ర గీత ఫోటో తీసి పంపించాం. దాని కింద, ఈ స్థితిలో మనుషుల్ని ఎక్కించకూడదని మా షెడ్డు చెప్పింది అని రాసి, తేదీ వేసి, నేను సంతకం పెట్టాను. కాగితం మీద సంతకం చూశాక ఆయన గొంతు తగ్గింది.

మర్నాడు రాత్రి జగిత్యాల వైపు కుర్రాడొకడు నాకు ఫోను చేశాడు. ఆదివారాలు గుడి దగ్గర పరిచయం. ఆ లారీలో వెళ్ళేవాళ్ళలో అతనొకడు. "అన్నా, మా లారీ మీ కాడ్నే ఉన్నదట గద. ఇయ్యాల మాకు బస్సు పెట్టిన్రు. సీట్ల కూసొని పోయినం. నేనైతే మంచిగ నిద్రపోయిన." అతనికి పగులు సంగతి తెలియదు. నేను చెప్పలేదు. మిగతా రోజుల్లో ఆ గంట దారి చెక్క మీద కూర్చుని, కమ్మీ పట్టుకుని పోవాలి కాబట్టి నిద్ర పట్టదని అతను చెప్తే విన్నాను.

బండి నాలుగు రోజులుంది. కడ్డీ పాదాన్ని కోసి తీసేశాం. పగులున్న ముక్కని కత్తిరించి, అదే మందం ముక్క పెట్టి, పలక మందమంతా కరిగేలా వెల్డింగ్ చేసి, పూసని ఉక్కుతో సమానమయ్యేదాకా గ్రైండింగ్ చేశాం. లోపలి వైపు బలానికి పెట్టిన పలక చివరలు నిలువుగా కొయ్యకుండా ఏటవాలుగా సన్నం చేశాం, బలం ఒక్కసారిగా మారకుండా ఉండాలని. దాన్ని ఫ్లాంజికి అతికించకుండా నిలువు పలకకి బోల్టులతో బిగించాం. కప్పు కడ్డీని ఛాసిస్ నుంచి విడదీసి బాడీ అడ్డదూలానికి మార్చాం. వెల్డింగంతా బాబాయే చేశాడు. గ్రైండింగ్ గీతలు దూలం పొడవునా ఉండాలి గానీ అడ్డంగా ఉండకూడదని కుర్రాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. అడ్డంగా ఉంటే ప్రతి గీతా ఒక బుల్లి గాటే.

కత్తిరించిన ముక్కని వంచి పగులు తెరిచి చూశాం. అల వెనక్కి పోయినప్పుడు ఇసక మీద మిగిలే గీతల్లాంటివి ఒకదాని తర్వాత ఒకటి వెల్డింగ్ అంచు నుంచి బయల్దేరి లోపలికి పరుచుకుని ఉన్నాయి. మొదటివి తుప్పుతో నల్లగా, చివరివి ఇంకా మెరుస్తూ. పగులు ఎక్కడ పుట్టి ఎటు నడిచిందో దాని మీదే రాసి ఉంది. సూపర్‌వైజరు ఆ ముక్కని తన టేబుల్ మీద పెట్టుకున్నాడు.

కాంట్రాక్టరు సణుగుతూనే మిగతా ఆరు లారీలని ఒక్కొక్కటే పంపించాడు. అన్నిటికీ కప్పు ఒకే రకంగా బిగించారు. ఇంకో రెంటిలో అదే చోట పగులు దొరికింది, ఇంత పొడుగు కాదు. లోడు ఎక్కువైతే ఒక్కో బండి ఒక్కో చోట పోవాలి. మూడూ ఒకే చోట పగిలాయంటే తప్పు లోడుది కాదు, ఆ అతుకుది.

బాబాయ్ తర్వాత మూడేళ్ళకి ఊరెళ్ళిపోయాడు. నడుం నొప్పి. ముప్ఫై ఏళ్ళు బళ్ళ కింద, ఓడల పొట్టల్లో వంగి చేసిన పని. "ఇనుముకయితే ఎర్ర రంగు పూసి సూత్తారు, మనకేటి పూత్తారు బాబూ" అనేవాడు. ఫోను చేస్తే ఇప్పటికీ ముందు బండ్ల సంగతులే అడుగుతాడు.

ఇప్పుడు మా పని చాలా మారింది. కంప్యూటర్‌లో ఛాసిస్‌ని లక్షల ముక్కలుగా విడగొట్టి, ఎక్కడ ఒత్తిడి పోగవుతుందో రంగుల్లో చూస్తాం. పక్కనే కొత్త రేవులో డ్రైవర్ లేని బ్యాటరీ బళ్ళు కంటెయినర్లు మోస్తున్నాయి. కొత్తగా చేరే కుర్రాళ్ళు ఆ రంగుల బొమ్మలు నాకంటే బాగా చేస్తారు. వాళ్ళలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. వాళ్ళకి నేను చెప్పేది రెండే మాటలు. బొమ్మలో లేని అతుకు గురించి కంప్యూటర్ ఏమీ చెప్పదు. బండి నీ చెయ్యి దాటాక ఎవరో ఒకరు దానికి దీపమో, నిచ్చెనో, కప్పో తగిలిస్తారు, కాబట్టి తగిలించడానికి సరైన చోటు నువ్వే డిజైన్‌లో ఇచ్చెయ్యి. ఇవ్వకపోతే వాళ్ళు ఫ్లాంజి వెతుక్కుంటారు.

రెండోది డిజైన్‌కి సంబంధించింది కాదు. పగులు మొదట చూసేది నువ్వు కాదు, బండి కింద పడుకున్నవాడు. అతను ఒక్కపాలి ఇటు రమ్మని పిలిస్తే, చేతిలో పని వదిలేసి వెళ్ళు.